శనివారం బావమరిది

గుణదల,
అక్టోబరు 7

మహారాజశ్రీ బావగారి సముఖానికి,

ప్రకటన. గుణదల కొండ కింద కాపురం ఉండువాడును, ఎనిమిదో తరగతిని రెండేళ్ళు శ్రద్ధగా చదివినవాడును, ఏలూరు రోడ్డు సందులో పుస్తకాలకు అట్టలు కట్టి బతుకువాడును అగు శౌరయ్య అనే నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, కృష్ణా జిల్లా అంతటికీ చాటునది ఏమంటే: ఇవాళ్టి నుంచి పులిగడ్డ టైలరు మరియదాసు గారు రాసే ఉత్తరంలో ఏ అక్షరమైనా కందిగింజ కన్నా చిన్నదిగా కనబడినచో ఆ ఉత్తరం చెల్లదు. చీమలు పాకినట్టున్న వాక్యాలు చీమలకే తిప్పి పంపబడును. అప్పీలు లేదు.

మీ ఉత్తరం అందింది బావా. నాలుగు లైన్లు. మొదటి లైను దర్జాగానే ఉంది. మూడో లైనుకి వచ్చేసరికి షాపులో భూతద్దం వెతుక్కున్నాను. డాక్టరు గారు మీకేం చెప్పారు? ఈ పార్కిన్సన్ జబ్బులో అక్షరమూ అడుగూ రెండూ కుంచించుకుపోతాయి, కాబట్టి రోజూ పెద్ద అక్షరాలు రాయి, పెద్ద అడుగులు వెయ్యి అన్నారా లేదా? ఫోనులో అయితే నోరే గాని చెయ్యి ఆడదు, అందుకే ఉత్తరాలు రాయించమని అక్క నా నెత్తిన పెట్టింది ఈ పని. నిన్న స్టాంపులు కావాలంటే పోస్టాఫీసులో పిల్ల నన్ను మ్యూజియం బొమ్మని చూసినట్టు చూసింది.

అక్క ఇంకోటి కూడా చెప్పింది. ఆ పెళ్ళిలో సాంబారు సంగతి అయ్యాక మీరు గడప దాటలేదట. ఆదివారం చర్చికి కూడా పోవట్లేదట. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి రానని ఇప్పుడే తేల్చేశారట. ముప్పై ఏళ్ళు వరసగా మా కొండెక్కిన మనిషి! వడ్డిస్తుంటే చెయ్యి వణికి పెళ్ళికొడుకు మేనమామ పంచె మీద గరిటెడు సాంబారు పడింది, అంతేగా? నేనైతే ములక్కాడ కూడా పడిందా, లేకపోతే ఇంకో గరిటె వెయ్యమంటారా అని అడిగేవాణ్ణి.

సరే, అసలు సంగతి. మా డయానా నర్సింగు అయ్యాక పటమటలో జపాను భాష నేర్చుకుంటోందని తెలుసుగా. వాళ్ళ టీచరమ్మ చదువుకోమని ఒక పుస్తకం జిరాక్సు తీసిచ్చింది. విడి కాయితాలు. నేనే అంచులు కోసి, బైండు చేసి, ఎర్ర గుడ్డ అట్ట వేశాను. కెంజీ అని ఒకాయన డైరీ అది. గొడుగులు బాగుచేసేవాడట. మీ జబ్బే. నాలుగైదేళ్ళు రాసుకున్నదాంట్లోంచి పేజీలు ఏరి వాళ్ళ దేశంలో అచ్చేశారు. పైన వారం పేరు, ఎండో వానో, కింద నాలుగు మాటలు. అంతే. పిల్ల నాకు తెలుగులో చెబుతుంది, నేను మీకు రాస్తాను. వద్దన్నా రాస్తాను.

మీ ఏకైక బావమరిది,
శౌరి


పులిగడ్డ,
అక్టోబరు 15

ఒరేయ్ శౌరీ,

కందిగింజ కాదు, బఠాణీ గింజంత రాస్తున్నాను. కొలుచుకో. పేజీకి ఎనిమిది లైన్లే పడుతున్నాయి.

జబ్బున్నవాడి డైరీ నాకెందుకురా? నా జబ్బు నాకు చాలదా, జపాను నుంచి ఇంకోటి తెప్పించుకోవాలా?

సాంబారు సంగతి నీకు నవ్వులాటగా ఉంది. పంచె రామకోటేశ్వరరావు గారిది. ఆయన ఒక్క మాట అనలేదు. పక్కనున్నవాళ్ళు మాత్రం నా చేతి వంకే చూశారు. నలభై ఏళ్ళు ఈ చేత్తో ఊరందరి కొలతలు తీశాను. ఎవడి నడుము ఎన్ని అంగుళాలు పెరిగిందో నాకు తెలుసు, ఒక్కడి సంగతి ఇంకొకడికి చెప్పలేదు. వాళ్ళు నా చెయ్యి సంగతి సాయంత్రానికల్లా ఊరంతా చెప్పారు.

కొండ మాట ఎత్తకు. మీ అక్క నీకు దీవెనలు చెప్పమంది. నేను చెప్పను.

మరియదాసు


గుణదల,
అక్టోబరు 28

బావగారూ,

బఠాణీలు అందినవి. సంతోషం. మీరు వద్దన్నారు కాబట్టి పంపుతున్నాను.

మొదటి పేజీ: "సోమవారం. మంచు. ఇవాళ గంజిలో ఉప్పు ఉంది. ఆవిడ విన్నదన్నమాట." రెండో పేజీ: "ఆదివారం. మంచు. గంజిలో ఉప్పు లేదు. చెప్పాను. ఆవిడ వినిపించుకోలేదు. నా గొంతు చిన్నదైపోయిందా, ఆవిడ కావాలనే వినలేదా?"

సోమవారం తరవాత ఆదివారం ఏమిటని డయానాని అడిగాను. ఏరిన పేజీలు కదా నాన్నా, మధ్యలోవి వదిలేసి ఉంటారంది. నాకైతే, ప్రొద్దు ముందు పొడిచేది వాళ్ళకే కాబట్టి వారాలు కూడా వాళ్ళ ఇష్టప్రకారం నడుస్తాయేమో అనిపించింది.

పాపం, ఆయన మంచం మీదే ఉన్నాడు. చెంచాతో పెడితే తింటున్నాడు. కిటికీలోంచి ఇంటి వెనక కొండ కనబడుతుందట, రోజూ దాని వంక చూస్తాడట. మూడో పేజీ వినండి. "శనివారం. మంచు. బావమరిది వచ్చాడు. చిన్న ఇత్తడి గంట తెచ్చి నా వేలికి కట్టాడు. చెయ్యి వణికినప్పుడల్లా మోగుతోంది. 'ఇంక అక్కని పిలవడానికి గొంతుతో పనిలేదు బావా' అన్నాడు. ఆవిడ వంటింట్లోంచి అయిదుసార్లు పరిగెత్తుకొచ్చింది. ఆరోసారి గంట పీకి వాడి నెత్తిన కొట్టింది. నెత్తి కూడా మోగింది."

బావమరుదులు ఏ దేశంలోనైనా ఒకటే అని అర్థమైంది. పేరు రాయలేదు ఆయన.

శౌరి


పులిగడ్డ,
నవంబరు 9

శౌరీ,

నీ ఉత్తరం మీ అక్క పైకి చదివింది. నెత్తి మోగిందన్న చోట ఆగి కళ్ళు తుడుచుకుంది, నవ్వొచ్చే. నేను నవ్వలేదు. మీసం కింద కొంచెం కదిలింది, అది జబ్బు వల్ల.

తరవాత ఏం జరిగిందో విను. గోధుమపిండి జల్లించుకుంటూ కూర్చుంది. ఉన్నట్టుండి జల్లెడ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఊరికే వణకడమెందుకు, పనికొచ్చేలా వణకండి" అంది. ఒరేయ్, నిజం చెప్తున్నా, కిలో పిండి దానంతటదే జల్లెడ దిగిపోయింది. పక్కింటి బుల్లెమ్మ గోడ మీంచి చూసి, "అన్నయ్య గారూ, మా ఇంట్లో కూడా రెండు కిలోలున్నాయండీ" అంది. పంపమన్నాను. పొద్దుటి నుంచి నా చేతికి తీరికలేదు.

ఆ శనివారం వాడు మళ్ళీ వచ్చాడా? ఏం చేశాడు? అది రాయి. గంజి సంగతి క్లుప్తంగా రాయి.

మరియదాసు


గుణదల,
నవంబరు 30

పిండిమర బావగారికి,

శుభవార్త. కెంజీ గారు మంచం దిగాడు! పేజీ తిప్పేకొద్దీ కుదురుకుంటున్నాడు. మంచు పోయింది, ఇప్పుడు ఎర్రగా ఆకులు రాలుతున్నాయి. పట్టుకునేవాళ్ళుంటే వరండా దాకా వస్తున్నాడు. ఇంకో పది పేజీలకి చేతికర్రతో సందు చివర దాకా. డయానా, నేనూ ఇక్కడ చప్పట్లు కొడుతున్నాం. షాపుకొచ్చినవాళ్ళకి కూడా చెబుతున్నాను, మాకు తెలిసినాయన జపానులో నడుస్తున్నాడండీ అని.

ఆయనకో చిక్కుంది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కాళ్ళు నేలకి అంటుకుపోతాయి. మీక్కూడా అలా అవుతోందని అక్క చెప్పింది, మీరు చెప్పలేదు. దానికి బావమరిది ఏం చేశాడో చూడండి. "శనివారం. ఎండ. వాడు సుద్దముక్క తెచ్చి గుమ్మం నుంచి గేటు దాకా అడ్డగీతలు గీశాడు. 'బావా, ఇది నేల కాదు, కాలవ. ఒక్కో గీతా దాటు, లేకపోతే తడుస్తావ్' అన్నాడు. దాటాను. కాళ్ళు కదిలాయి. గేటు దగ్గర నించుని వాడు నా గొడుగు వేసుకున్నాడు, ఎండలో. నవ్వుకి పడబోయాను."

ఆ తరవాత పేజీల్లో వానలు మొదలయ్యాయి. వానొస్తే ఆయనకి పండగే కదా, ఊరి గొడుగులన్నీ ఆయన దగ్గరికే. మళ్ళీ సూది పట్టుకుని గొడుగు గుడ్డ కుట్టాడు. వంకరగా వచ్చిందట. "వానకి వంకర తెలియదు" అని రాసుకున్నాడు.

శౌరి


పులిగడ్డ,
డిసెంబరు 20

ఒరేయ్ శౌరీ,

సుద్దముక్కట, సుద్దముక్క! నలభై ఏళ్ళు టైలరింగు చేసినవాడికి సుద్ద సంగతి జపాను వాడు చెప్పాలా? నా మిషను సొరుగులో నాలుగు రంగుల సుద్ద ఉంది. టేపు తీసి ఇరవై అంగుళాలకో గీత చొప్పున వరండా అంతా మార్కింగు చేశాను. మొదటి రోజు వరండా. మూడో రోజు వీధి. గీతలు గీయడం మీ అక్క డ్యూటీ. వారం తిరిగేసరికి మా ఇంటి నుంచి చర్చి దాకా రోడ్డు, కత్తిరించడానికి రెడీగా ఉన్న గుడ్డలా తయారైంది. పిల్లలు దాని మీద తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు.

మొన్న ఆదివారం చర్చికి వెళ్ళాను. చెయ్యి జేబులో పెట్టుకోలేదు.

ఇంకో సంగతి. సోమవారం రామకోటేశ్వరరావు గారు ఇంటికొచ్చారు. ఆయన కుర్చీలో కూర్చుని, "మాస్టారూ, సంక్రాంతి వెళ్ళాక మా రెండో అమ్మాయి నిశ్చితార్థం. మీరొచ్చి మావాళ్ళకి వడ్డించాలి" అన్నారు. "నా చేతి సంగతి మీకు తెలుసు కదండీ" అన్నాను. "తెలుసు కాబట్టే ఈసారి నల్ల ప్యాంటు వేసుకుంటున్నాను. అదీ మీరే కుట్టాలి" అన్నారు. ఒరేయ్, ఆ మనిషికి భయపడి నేను మూడు నెలలు ఇంట్లో కూర్చున్నానురా.

నా జబ్బు పోతుందనే భ్రమ నాకు లేదు. డాక్టరు గారు దాచకుండానే చెప్పారు. కానీ ఆ గొడుగులాయన ఆఖరికి ఆ కొండ ఎక్కాడా లేదా? అది చెప్పు. ఎక్కితే నేనూ గుణదల వస్తాను.

మరియదాసు


గుణదల,
జనవరి 12

బావగారికి నమస్కారములు.

పుస్తకం అయిపోయింది. ఆఖరి పేజీలో కెంజీ గారు కొండెక్కారు. చెట్ల నిండా పూలున్నాయట. పైనుంచి చూస్తే ఆయన ఇంటి కప్పు తెరిచిన గొడుగులా కనబడిందట.

మీరు తిరునాళ్ళకి రండి. మందులు వేళకి వేసుకోండి. అక్కని అడిగానని చెప్పండి.

శౌరయ్య


పులిగడ్డ,
జనవరి 20

శౌరీ,

ఉత్తరంలో వెటకారం లేదు. 'శౌరయ్య' అని పూర్తి సంతకం పెట్టావు. జ్వరమా, పోలీసు కేసా?

ఫిబ్రవరి పదో తారీకు పొద్దున్నే దిగుతాం. చలిమిడి తెస్తోంది మీ అక్క. పిండి ఎవరు జల్లించారో అడగకు.

మరియదాసు


గుణదల,
ఫిబ్రవరి 14

బావా,

కొండ మీద చెబుదామనుకున్నాను. సిలువ దగ్గర మీరు చొక్కా అంతా చెమటకి తడిసి, చేతులు రెండూ పైకెత్తి, "ఒరేయ్, వణుకుతోందా? గాలికిరా అది, గాలికి!" అని అరుస్తుంటే నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను, తిట్టుకోండి.

పుస్తకం నేను తిరగేసి కుట్టాను.

జపాను పుస్తకాలు కుడి చేతి వైపు నుంచి తెరవాలట. నేను నా అలవాటు కొద్దీ ఎడం పక్క కుట్టేసి, వాళ్ళ ఆఖరి పేజీ మీద ముందు అట్ట వేశాను. పేజీ నంబర్లు అంచుల్లో ఉంటే, నీటుగా ఉంటుందని మిషను మీద కోసి చెత్తలో పడేశాను. డయానా పాఠాల పుస్తకాలు మనవాటిలాగే తెరుచుకుంటాయి, అందుకని పిల్లకీ అనుమానం రాలేదు. జనవరిలో చివరి పేజీ చదువుతూ ఆగిపోయింది. "ఇవాళ్టి నుంచి డైరీ రాస్తున్నాను. నిన్న డాక్టరు నా జబ్బు పేరు చెప్పారు. పొద్దున్నే కొండెక్కాను." అని ఉంది. "నాన్నా, ఇది మొదటి పేజీ" అంది. ఆయన మంచం దిగలేదు బావా. మంచం ఎక్కాడు. మనం వెనక నుంచి చదివాం.

ముప్పై ఏళ్ళ బైండింగులో ఇలాంటి పని చెయ్యలేదు. మీతో చెప్తే మళ్ళీ ఇంట్లో కూర్చుంటారేమోనని భయమేసి దాచాను. టీచరమ్మ మాత్రం పడీ పడీ నవ్వింది.

మీ బుద్ధిలేని
శౌరి


పులిగడ్డ,
ఫిబ్రవరి 20

ఒరేయ్ వెర్రి నాగన్నా,

నాకు డిసెంబరు నెలాఖరుకే తెలుసు.

సోమవారం తరవాత ఆదివారం, దాని తరవాత శనివారం. మంచు పోయాక ఆకులు రాలడం, ఆకులు రాలాక వానలు. ఒకసారి అయితే ఏరిన పేజీలనుకోవచ్చు. అన్నిసార్లూనా? మాకు మామిడిచెట్టు ఉందిరా, ఏది ముందో ఏది వెనకో చూస్తూనే ఉంటాం. ఎవరు కుట్టిన చొక్కా అయినా తిరగేసి చూస్తే కుట్టు ఎక్కడ మొదలైందో నాకు తెలుస్తుంది. నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరిచి, కింది నుంచి పైకి చదివాను. మీ అక్కకి కూడా వినిపించాను.

అప్పుడే గట్టిగా అనుకున్నాను, ఈ ఏడే గుణదల వెళ్ళాలని. ఇప్పుడు నువ్వు రాస్తే తెలిసింది, జబ్బు పేరు తెలిసిన మర్నాడే ఆయన కొండెక్కేశాడని. ఎక్కగలిగినప్పుడే ఎక్కాడు. బాగుపడ్డాక ఎక్కుదామని నేను కూర్చుంటే, ఆ కొండ నా కోసం కిందికి దిగి వస్తుందా? నిజానికి మెట్లు నాకు తేలిక. ఒక్కో మెట్టూ ఒక సుద్దగీతే కదా. చదునుగా ఉన్నచోటే కాళ్ళు పట్టేశాయి. అక్కడ నువ్వు జనం మధ్య మోకాళ్ళ మీద పాకుతూ గీతలు గీశావు చూడు! ఇదేదో కొత్త మొక్కు అనుకుని ఇద్దరు ఆడవాళ్ళు నీ దగ్గర సుద్ద అడిగి తీసుకున్నారు. వచ్చే ఏడు కొండంతా గీతలే. మీ ఫాదరు గారికి నువ్వే జవాబు చెప్పుకో.

ఇంకోటి గమనించావా? నువ్వు మొట్టమొదట పంపిందే ఆయన ఆఖరి మాట. "ఇవాళ గంజిలో ఉప్పు ఉంది. ఆవిడ విన్నదన్నమాట." గెలిచాడురా ఆయన! నా ఆఖరి పేజీ కూడా అలాగే ఉంటే చాలు. మీ అక్క ఉప్పు డబ్బా దాచే రకం, చూద్దాం.

నాకు అందరికంటే నచ్చినవాడు మాత్రం ఆ బావమరిది. సరైన వరసలో చదివితే వాడి గొప్పతనం తెలుస్తుంది. ఆయన నడిచినన్నాళ్ళూ వచ్చాడు. నడక పోయాకా వచ్చాడు. గొంతు పోయే రోజుల్లో గంట పట్టుకొచ్చాడు. ఒక్క శనివారం మానలేదు. బావమరిది అంటే వాడు. నీకూ ఉంది ఆ వరస, ఎందుకు? వాణ్ణి చూసి నేర్చుకో.

నిశ్చితార్థం బాగా జరిగింది. సాంబారు ఎక్కడా పడలేదు. పాయసం పడింది. నల్ల ప్యాంటు మీద బాగా కనబడింది.

మరియదాసు


గుణదల,
ఫిబ్రవరి 27

బావా,

ప్రకటన రాద్దామని మొదలుపెట్టి చించేశాను. నల్ల ప్యాంటు మీద పాయసం అన్నచోట అక్షరాలు బొప్పాయికాయలంత ఉన్నాయి, చాలా సంతోషం.

వచ్చే శనివారం పొద్దున ఏడింటి అవనిగడ్డ బస్సుకి వస్తున్నాను. అక్కకి చెప్పండి. ఆ పై వారం కూడా వస్తాను. ఇకనుంచి శనివారాలు షాపు ఉండదని బోర్డు రాయించాను, అచ్చుతప్పులు లేకుండా. నేను రావడం మొదలెట్టాక వద్దనే హక్కు మీకు లేదు.

ఎందుకో కూడా చెప్పేస్తాను, మీరు నన్ను వాడితో పోల్చి తిట్టారు కాబట్టి. తిరగేసి కుట్టడం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

గంట మా షాపు పక్కన పూజసామాన్ల కొట్లో చూశాను. సుద్దగీతల కిటుకు డయానా ట్రైనింగప్పుడు ఆస్పత్రిలో చూసింది, ఒకరోజు అన్నం తింటూ మాటవరసకి చెప్పింది. ఎండలో గొడుగు వేసుకున్నవాడు ఎవడో మీరే చెప్పగలరు, మీ పెళ్ళిలో ఆ పని చేసి మీ నాన్నగారి చేత తిట్లు తిన్నది నేనే.

కెంజీ గారు ఉన్నారు, ఆ ఉప్పు, ఆ కొండ, ఆ వంకర కుట్టు అన్నీ నిజం. ఆయన పుస్తకంలో శనివారాలూ ఉన్నాయి. మొదటిదాన్ని డయానా చదివి చెప్పిన రోజు నేను వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాను. పోయిన ఏడాదంతా మీ ఇంటికి నేను ఎన్నిసార్లు వచ్చానా అని ఆలోచిస్తే ఒక్కసారి తేలింది, అదీ మామిడికాయల కోసం. ఆ పేజీలో ఉన్నది ఇంతే బావా: "శనివారం. మంచు. ఎవరూ రాలేదు."

మీకు ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకని ఆ శనివారాలన్నీ నేనే వెళ్ళొచ్చాను.

శౌరి